మొదటి రొట్టె

"గా చప్పుడు జర ఆపమ్మా. కింద కిరాయికున్నోళ్లు ఏమనుకుంటరు? ఇంక కూలోళ్ల తిండే తింటున్నరనుకోరా?"

పెళ్లయిన కొత్తలో సుహాసిని పీట మీద జొన్నరొట్టె కొడుతుంటే అత్తమ్మ అన్న మాట అది. పక్కనే ఉన్న భర్త దామోదర్ పేపరు చాటున నవ్వాడు. ఆ పూటే పీట అటకెక్కింది. ఆ తరువాత ఆ ఇంట్లో రెండు పూటలా సన్నబియ్యమే. అందరూ తిన్నాక గిన్నె అడుగున మిగిలింది ఆమెది.

ఇన్నేళ్లకు ఆ పీటను దింపింది దామోదరే. మహబూబ్‌నగర్‌లో వాళ్ల వార్డు కమిటీ, పట్నం తినేది చుట్టుపక్కల ఊర్లలోనే పండాలని తీర్మానం చేసింది. ఆదివారం ఆదివారం కమిటీ హాలు ముందు రైతులు జొన్నలు, కూరలు తెచ్చి అమ్ముకుంటారు. అక్కడే రొట్టెల భోజనం. రొట్టెలెవరు చేస్తరని ఎవరో అడిగితే, "మా ఇంట్ల మనిషి ఉండనే ఉంది. పైస తీసుకోకుంట ఊకెనే చేస్తది" అని చెప్పి వచ్చాడు. ఆమెను అడగలేదు.

పీట మీది దుమ్ము కడుగుతుంటే సుహాసినికి కొల్లాపూర్ దగ్గరి తమ ఊరు, సైదమ్మవ్వ పొయ్యి యాదికొచ్చాయి. అవ్వ ఉడుకు నీళ్లు పోసి పిండి తడిపేది. ఆమె అరచేతుల కింద ముద్ద తిరుగుతూ తిరుగుతూ పీటంత అయ్యేది. ఆ చప్పుడుతోనే వాడకట్టు లేచేది. మొదటి రొట్టె పెనం మీద పొంగగానే తుంచి, ఎల్లిపాయ కారం అద్దుకొని అవ్వే తినేది. చేనికి పోవాల్సిన తాత గడప మీద కూర్చొని చూసేవాడే తప్ప అడిగేవాడు కాదు. "పొగ మింగినోళ్లదే మొదటి రొట్టె బిడ్డా. ఆకలితోని కొడితే రొట్టె పలుగుతది" అనేది అవ్వ. అత్తింటికి వచ్చేటప్పుడు పీటను మూటలో కట్టుకుంది గానీ, ఈ మాటను ఆ గడప దగ్గరే వదిలి వచ్చినట్టుంది.

ఆదివారం హాలు ముందు పెనం వేడెక్కింది. ఆమె చేతులు ఏదీ మరువలేదు. చప్పుడు మొదలుకాగానే, గంగవాయిలి కూర కట్టలు పేరుస్తున్న ముసలామె తలెత్తింది. "ఎన్నొద్దులాయె బిడ్డా, గీ చప్పుడు ఇనక!" సుహాసిని కళ్లు చెమర్చాయి. నెపం పొగ మీదికి నెట్టేసి తుడుచుకుంది.

రొట్టె పొంగింది. దామోదర్ ప్లేటు పట్టుకొని వచ్చాడు. "ముందుగాల కమిటీ సార్లకు వెయ్యి."

ఆమె రొట్టెను తన పళ్లెంలో వేసుకొని, తుంచి, కారం అద్దుకుంది. నాలుక చురుక్కుమంది. భోజనానికి వచ్చి కుర్చీలో కూర్చున్న అత్తమ్మ నోరు తెరిచి చూసింది.

"ఏందే గిది? అందరు చూస్తున్నరు!"

"చూడనీ." నిదానంగా నమిలి మింగింది సుహాసిని. పిండి ముద్దతో సహా పీటను దామోదర్ ముందుకు జరిపింది.

"మొదటిది పొగ మింగినోళ్లది. రెండోది కావాల్నంటే చేతులు కడుక్కొని రాండ్రి."