సహాయ వేళలు

“ప్రాపర్టీస్‌లో మార్చేశానండీ. రిజిస్ట్రీలో కూడా అయిపోయింది. ఆయనకింకా తెలీదు.”

వంటింట్లో కూర కలుపుతూ ఫోన్లో లైబ్రేరియన్ గారితో నేనన్న ఈ మూడు ముక్కలూ గుమ్మం దాటి మా అత్తగారి చెవిలో పడేసరికి మూడు ఇళ్ళూ ఒక స్థలమూ అయ్యాయి. రిజిస్ట్రీ అన్నది ఆవిడకి రిజిస్ట్రేషన్ అని వినపడింది. ప్రాపర్టీ మాత్రం సరిగ్గానే వినపడింది. ఆ మాట ఆవిడకి ఏ చెవితోనైనా వినపడుతుంది.

పావుగంటలో కొట్లోంచి మా ఆయన, కోర్టులోంచి మా ఆడపడుచు భర్త వచ్చి వాలారు. రెండో ఆయన ప్లీడరు. నల్లకోటు విప్పకుండానే సోఫాలో కూర్చుని, “చూడు చెల్లెమ్మా, ఎక్కడెక్కడ సంతకాలు పెట్టావో నిదానంగా గుర్తు తెచ్చుకో” అన్నాడు.

“గుర్తేమిటి అల్లుడుగారూ, మొత్తం నొక్కేసింది” అంది అత్తగారు.

ఆ మాట నిజమే. వారం రోజులుగా ముప్పై కీబోర్డులు నొక్కాను.

మాది కంప్యూటర్లు బిగించి అమ్మే కొట్టు. మాది అనడం నా నోటి అలవాటు. మదర్‌బోర్డు బిగించేది నేను, కొట్టు బోర్డు మీద ఉండేది మా పిల్లల ఫాదరు. బిగించిన ప్రతిదానికీ చివర్లో చిన్న అలంకారం ఒకటుంటుంది. తెర మీదున్న కంప్యూటర్ బొమ్మపై మౌసు కుడి మీట నొక్కి ప్రాపర్టీస్ అంటే దాని పుట్టుమచ్చలన్నీ బయటపడతాయి, వేగమెంత, మెమరీ ఎంత అని. అక్కడే తయారీదారు పేరు, మోడల్ పేరు, ఓ బుల్లి బొమ్మ, సహాయానికి ఫోన్ నంబరు, సహాయ వేళలు మనకిష్టమొచ్చినట్టు పెట్టుకోవచ్చు. వాటిని రాసే చోటునే రిజిస్ట్రీ అంటారు. తయారీదారు మా ఆయన. మోడల్ పేరు ఆడపడుచు కూతురి ముద్దుపేరు. బొమ్మ మళ్ళీ మా ఆయనే. అరంగుళం చోటులో మీసం చివర తెగిందని మూడుసార్లు మార్పించారు. ఇంటిల్లిపాదీ ఆ తెరలో కాపురముంటారు. నేను మాత్రం ఫోన్ నంబరు దగ్గర పది అంకెలు. సహాయ వేళల దగ్గర “ఎల్లవేళలా” అని ఆయనే చెప్పి రాయించారు.

తయారీదారు దగ్గర నా పేరు కూడా పెడదామా అని ఒకసారి అడిగాను. “కన్నది నువ్వే అయినా పిల్లలకి ఇంటిపేరు నాదేగా. నాలుగు స్క్రూలు బిగించినంత మాత్రాన పేరు కూడా బిగించేస్తావా?” అన్నారు. కొట్లో ఉన్న ముగ్గురు కస్టమర్లూ నవ్వారు. నేనూ నవ్వాను. నవ్వకపోతే మూతి బిగించానంటారు. ఫోన్లతో నడుం వాల్చుదామన్నా కుదరడం లేదని ఇంకోసారి అంటే, “నీదేం పని, ఆపి మళ్ళీ వెయ్యమని చెప్పడమేగా” అన్నారు.

పోయినేడాది ఓ మధ్యాహ్నం ఎవరో గుమాస్తా తెర వెలగడం లేదని ఫోన్ చేశాడు. నలభై నిమిషాలు ఒక్కో తీగా వెతికించాను. మధ్యమధ్యలో మా అక్క ఫోన్ వస్తున్నట్టు నా చెవిలో టింగుమంటోంది. అమ్మ ఆసుపత్రిలో ఉందని మా ఆయనకీ తెలుసు. ఎదురు కుర్చీలోనే ఉన్నారు. అక్కతో మాట్లాడతానని సైగ చేస్తే వేలు అడ్డంగా ఊపారు. చివరికి ఆ గుమాస్తా గోడ దగ్గర స్విచ్చి వెయ్యలేదని తేలింది. వేశాడు. వెలిగింది. నేను అక్కకి చేశాను. అమ్మ నా గొంతు వినాలని ఏడుసార్లు ఫోన్ చేయించిందట. అప్పటికి ఊపిరి ఆగిపోయింది. అది ఆపి మళ్ళీ వేసే రకం కాదు. నేను స్క్రూల డబ్బా పక్కన నేల మీద కూలబడితే, ఆయన నా చేతిలోంచి ఫోన్ తీసుకుని ఛార్జింగుకి పెట్టారు. “పోయినామె ఎలాగూ పోయింది. కస్టమర్ పోతే రాడు” అన్నారు. ఆ సాయంత్రం పదకొండు మందికి సహాయం చేశాను.

ఇప్పుడు ప్లీడరుగారు గొంతు సవరించుకున్నాడు. “ఒప్పుకుంటే ఇంట్లోనే సర్దుకుందాం.”

“ఏమే, మాట్లాడవేం?” అన్నారు మా ఆయన.

హాల్లో ఉన్న కంప్యూటర్ ముందుకి ముగ్గురినీ పిలిచాను. మౌసు కుడి మీట నొక్కాను. మీసంతో సహా మా ఆయన ప్రత్యక్షమయ్యారు.

“ఇదిగో అత్తయ్యా, ప్రాపర్టీస్ అంటే ఇది. నేనన్నది రిజిస్ట్రీ. రిజిస్ట్రేషన్ కాదు. దీనికి స్టాంపు పేపర్లుండవు, సాక్షులుండరు. పొద్దున లైబ్రరీకి వెళ్ళిన ముప్పైలోనూ ఇలాగే పెట్టాను.”

“మరి మార్చిందేమిటి?” అన్నాడు ప్లీడరు.

“తయారీదారు ఆయనే అన్నయ్యగారూ. వేళలూ ఎల్లవేళలే. నంబరొక్కటీ ఆయనది పెట్టాను. పాత కంప్యూటర్లలో నా నంబరుంది కాబట్టి దానికొచ్చేవన్నీ ఆయన ఫోనుకి మళ్ళించాను. నేను వేరే నంబరు తీసుకున్నాను. అది మా అక్కకి తెలుసు.”

“ఓస్, ఫోనేనా” అని అత్తగారు గుండె మీంచి చెయ్యి తీసింది. ప్లీడరు కోటు విప్పాడు. “ఎలాగూ వచ్చాను, భోజనం పెట్టెయ్ చెల్లెమ్మా.”

మా ఆయన మాత్రం తెరనే చూస్తున్నారు. “నీకేమన్నా మతి పోయిందా? ఆ గొడవలన్నీ నాకేం తెలుసు?”

“తెలియడానికేముందండీ, ఆపి మళ్ళీ వెయ్యమనడమేగా.”

వడ్డించాను. మొదటి ముద్ద నోట్లో పెట్టుకునేలోపు మా ఆయన ఫోన్ మోగింది. ఆగి, మళ్ళీ మోగింది. ఆయన నా వైపు చూశారు.

“వాణ్ణి తిననివ్వు, తర్వాత మాట్లాడతాడు” అంది అత్తగారు నాతో.

నేను ఫోన్ తీసి ఆయన కంచం పక్కన పెట్టాను.

“ఎత్తండి. కస్టమర్ పోతే రాడు.”