గిరిబాబు చేసిన దెయ్యం

గురువారం వచ్చిందంటే రైల్వే వర్క్‌షాపులో భోజనాల గంటకి నూకరాజు చుట్టూ పదిమంది చేరతారు. ఖాళీ క్యారేజీ గిన్నెలో ఫోను నిలబెడితే గొంతు బావిలోంచి వచ్చినట్టు వస్తుంది. ఆ ఉపాయం నూకరాజుదే. ఫోనులో మాట్లాడేది అతని బావమరిది గిరిబాబు. ‘ఖాళీ క్వార్టర్’ అని, వారానికో ముక్క చొప్పున పాడ్‌కాస్టులో దెయ్యం కథ చెబుతాడు. సరిగ్గా తలుపు కిర్రుమనే చోట ఆపేస్తాడు. నెత్తిమీద క్రేను తిరుగుతున్నా తలెత్తి చూడని మగాళ్లు, ఆ చోట మాత్రం ముద్ద నోట్లో పెట్టుకోవడం మరిచిపోతారు. తర్వాత ఏమవుతుందోనని వారమంతా పందేలేసుకుంటారు.

“నీ బావమరిది మనిషి కాదు దాదా!” అని పక్కన కూర్చునే గణపతిరావు నూకరాజు వీపు చరుస్తాడు. ఆ చరుపు నూకరాజుకి బాగుండేది.

ఆ గురువారం ఆరో భాగం. కథలోకి కొత్తగా ఒక మొగుడు వచ్చాడు. పెళ్లాం పోయి రెండేళ్లయినా, డ్యూటీ దిగి వచ్చి రెండు గ్లాసుల టీ కాస్తాడు. ఒకటి తను తాగుతాడు. రెండోది వంటగది గుమ్మం పక్కన పెట్టి, ఆ రోజు సంగతులన్నీ ఆమెకి చెప్పుకుంటాడు.

నూకరాజు చేతిలో ముద్ద చేతిలోనే ఉండిపోయింది.

రోజూ ఆ రెండో గ్లాసు పెట్టేది తనే. ఆ సంగతి అతను ఒక్కడికే చెప్పాడు. ముత్తైదువుగా పోయిన ఆడదాన్ని వాళ్లలో పేరంటాలని పిలిచి, ఇంటి దేవతగా నిలుపుకుంటారు. తన భార్య సత్యవాణి సంవత్సరీకం నాడు, పీట మీద కొత్త చీర పెట్టి, పసుపూ కుంకుమా ఉంచాక, గిరిబాబు అక్కని తలుచుకుని ఒకటే ఏడుపు. వాణ్ణి ఓదార్చడానికి చెప్పాడు: “మీ అక్క ఎక్కడికీ పోలేదురా. నాతోటే ఉంది.”

ఫోనులో ఆ గ్లాసు దానంతటదే ఖాళీ అయింది. కొత్త చీర కట్టుకున్న ఆకారమేదో గోడ మీద పాకుతూ వచ్చింది. మెడ వెనక్కి తిరిగి ఉంది. అక్కడ ఆపాడు.

“ఆ మొగుడెవడో ఎర్రోడురా! దెయ్యానికి టీ పోత్తాడేటి?” అన్నాడు గణపతిరావు.

అందరూ నవ్వారు. నూకరాజు కూడా పళ్లు బయటపెట్టాడు. నవ్వకపోతే తెలిసిపోతుంది.

సాయంత్రం న్యూ సెటిల్‌మెంట్‌లో తన రైల్వే క్వార్టర్ తాళం తీశాడు. తీస్తూనే “వచ్చినానే” అనడం అలవాటు. ఆ మాట నోటిదాకా వచ్చి ఆగింది. వంటగది వైపు చూడలేదు. గుమ్మంలోంచే చెయ్యి పెట్టి, గోడ తడిమి, లైటు వేశాకే లోపల అడుగు పెట్టాడు. తనేం చేశాడో అప్పుడు తెలిసింది. ఇరవై రెండేళ్లు కాపరం చేసిన మనిషికి భయపడ్డాడు.

టీ కాయకుండానే సైకిలెక్కి ఖరిదాలో గిరిబాబు ఇంటికి వెళ్లాడు.

గిరిబాబు మేడ మీద గదిలో, గోడలకి పాత పరుపులు ఆనించుకుని, మైకు ముందు కూర్చున్నాడు.

“రా బావా! ఇన్నావేటి? ఒక్క పూటలో తొమ్మిది వేలమంది ఇన్నారు!”

“అది మీ అక్కరా.”

“పేరెక్కడ పెట్టినాను? ఊరు కూడా మార్సీసినాను గదా.”

“పేరంటాలని నిలుపుకున్నాం. దెయ్యాన్ని సేసినావు.”

“కథ బావా! అక్కకేటయిపోద్ది?”

నూకరాజుకి మాటలు తక్కువ. ఉన్నది చెప్పేశాడు. “నాకు భయమేస్తందిరా. మా ఇంట్లోకెళ్లడానికే. ఇన్నాళ్లూ అదుందనే ఆ ఇంట్లో ఉన్నాను. వచ్చేవారం దాన్ని మంచిదాన్ని సెయ్యి.”

గిరిబాబు తన కుర్చీని బావ దగ్గరికి జరుపుకున్నాడు.

“నిజంగానా బావా? నీకే భయమేసిందా?”

నూకరాజు తల ఊపాడు. ఇప్పటికైనా వీడికి అర్థమయిందనుకున్నాడు.

“ముందు ఎక్కడ తెలిసింది? కడుపులోనా? కాళ్లలోనా?”

“మోకాళ్లలో,” అన్నాడు నూకరాజు.

గిరిబాబు వంగి, కాగితం మీద రాసుకున్నాడు.

నూకరాజు లేచాడు. కిందికి దిగి, సైకిలు ఎక్కకుండా నడిపించుకుంటూ బయల్దేరాడు. క్వార్టర్ ఇంకా దూరంగా ఉంటే బాగుణ్ణనిపించింది.