తెర మీద ఆగిపోయిన బిడ్డ

పదహారు నెలలు నిండినా బయమ్మ నిలబడలేదు. వచ్చే అమావాస్యనాడు మనవరాలి కాళ్లకు వాతలు పెట్టించాలని సుబ్బరత్నమ్మ తీర్మానించేసింది. అది విన్నప్పటి నుంచి కోడలు ఇంద్రాణికి తిండి సయించడం లేదు. అత్తకు ఎదురు చెప్పలేక అంగన్‌వాడీ టీచరు హేమావతి దగ్గర కళ్లనీళ్లు పెట్టుకుంది.

"శనివారం తల్లుల్ని ఉరవకొండ నెట్ సెంటరుకు పిల్చుకోని పోతాండా. ఏ నెలకు బిడ్డ ఏం చేస్తాదో కంప్యూటర్లో చూపిస్తా. మీ అత్తను గూడా తోడుకోని రా," అంది హేమావతి.

నెట్ సెంటరంటే శశికుమార్ జిరాక్సు అంగడి వెనక గది. బెంచీల మీద ఏడుగురు తల్లులు, ఒళ్లో బిడ్డలు. సుబ్బరత్నమ్మ బయమ్మను చంకనేసుకుని నిలబడే ఉంది. ఆమె చంక ఖాళీగా ఊళ్లో ఎవరూ చూసి ఎరగరు. పక్కింటి పిల్లోడు ముక్కులో చెనక్కాయ విత్తనం దూర్చుకున్న నాటి నుంచి, కాయలు ఆరబోసిన తన ఇంట్లో మనవరాలిని నేల తాకనివ్వలేదు.

తెర మీద ఒక బిడ్డ పాకింది. పీట పట్టుకుని లేచింది. ఒక కాలు ఎత్తింది. అంతే, ఆగిపోయింది. మధ్యలో సున్నా ఒకటి గిరగిరా తిరుగుతోంది.

"ఏమాయప్పా ఆ బిడ్డకు?"

"ఏం కాల్యా అవ్వా, నెట్టు నిదానంగా ఉండాది," అన్నాడు శశికుమార్.

"నిదానమేందిరా! పసిబిడ్డను ఒంటికాలి మీద నిలబెట్టినారు. పడితే?"

సుబ్బరత్నమ్మ బయమ్మను గభాలున కింద దించి, రెండు చేతులూ చాచి ఎదురుగా ఉన్న తెర మీదికి వంగింది. తల్లులు పకపకా నవ్వారు. ఇంద్రాణి మాత్రం కిందికి చూస్తోంది. గచ్చు మీది బయమ్మ అవ్వ కుచ్చెళ్లు పట్టుకుని లాగింది. లేచింది. ఊగింది. కంప్యూటరు బల్ల కాలు అందుకుని పక్కకు ఒక అడుగు వేసింది.

సుబ్బరత్నమ్మ వెనక్కి తిరిగి, ఎత్తుకోబోయింది. ఇంద్రాణి అత్త చేయి పట్టి ఆపింది, పెళ్లయినాక మొదటిసారి.

"ముట్టుకోవద్దత్తా. కింద దించకుంటే యాడ నడుస్తాది?"

"ఇంకా ఆలస్యమైతే ఆస్పత్రిలో చూపిద్దాం," అంది హేమావతి. "వాతలు మాత్రం వద్దు."

"పెడితే నా చంకకే పెట్టాల," అంది సుబ్బరత్నమ్మ.

బయట వాళ్లను తెచ్చిన ఆటోవాడు హారన్ మోగించాడు.

"ఉండప్పా! మా పాప నడిసొస్తాంది!" అని అవ్వ కసిరింది.

ఆటో పది గజాల దూరంలోనే ఉంది. బయమ్మ రెండు చేతులూ పట్టుకుని అక్కడికి చేరడానికి వాళ్లకు పావుగంట పట్టింది.