కోటేశ్వరి తిండి పుస్తకం

ఆటగాళ్ల తిండి మీద, సత్తువ మీద పరిశోధన చేయడం నా ఉద్యోగం. కిందటేడు ఒక ప్రొఫెషనల్ మహిళా కబడ్డీ జట్టు మీద అధ్యయనం పెట్టుకున్నాం. పోటీలు లేని రెండు నెలలూ ఇంటి దగ్గర సరైన తిండి తింటే ఎముకలు గట్టిపడతాయా అని చూడడం దాని ఉద్దేశం. వారం వారం ఒక్కొక్కరికీ గుడ్లు, పాలపొడి, బాదంపప్పు పెట్టెలో పెట్టి పంపించాం. తిన్నది తిన్నట్టు ఒక పుస్తకంలో రాసి సంతకం పెట్టమన్నాం.

అందరిలోకీ కోటేశ్వరి పుస్తకం పొందికగా ఉండేది. రోజుకి ఆరు గుడ్లు, రెండు గ్లాసుల పాలు, ఒక్క పూటా తప్పలేదు. ముచ్చటపడి మిగతా పిల్లలకి చూపించాను కూడా.

గుంటూరులో జట్టు శిక్షణ శిబిరం మొదలైన పదో రోజున, ఎవరూ తాకకుండానే, పరిగెడుతూ కూలబడిపోయింది. మోకాలి కింద ఎముక చిట్లింది.

"ఇంత తిన్నా విరిగిందంటే ఎముకే నాసిరకమండీ. కాంట్రాక్టు రద్దు చేసేస్తున్నాం" అన్నాడు మేనేజరు నాగేంద్రబాబు, నేను రాసిన రిపోర్టు నాకే చూపించి.

నాకు ఒళ్లు మండిపోయింది. తిన్నగా పెదనందిపాడు దగ్గర ఆ పిల్ల ఊరికి వెళ్లాను. కాలికి కట్టుతో మంచం మీద ఉంది. ఇంట్లో ఇంకెవరూ లేరు.

"నిజం చెప్పవే. ఆ గుడ్లన్నీ తిన్నావా?"

"తిన్నానండి."

"నా మీద ఒట్టేసి చెప్పు."

తల దించేసుకుంది. "ఒకటి తిన్నానండి. ఇంట్లో ఆరుగురం. అందరం మిరపకోతకెళ్లి వచ్చి పచ్చడన్నం తింటంటే, వాళ్ల ముందు కూర్చుని ఒక్కదాన్నే ఆరు గుడ్లు ఎట్టా మింగేదండీ? అమ్మే తలా ఒకటి పెట్టేది."

"మరి ఆరని రాశావేం?"

"లేకపోతే పెట్టె ఆపేస్తారు కదండీ."

చెంప మీద కొట్టినట్టయింది. నేనూ ఈ చుట్టుపక్కల పుట్టినదాన్నే. పదిమందిలో ఒక్కరే తినే మనిషిని ఇక్కడ ఏమంటారో నాకు తెలియదా? ఆ పెట్టె ఒక్కదాని పేరున పంపించేటప్పుడు నా బుద్ధి ఏ గడ్డి మేసిందో!

బయటికొచ్చి నాగేంద్రబాబుకి ఫోన్ చేసి ఉన్నదున్నట్టు చెప్పాను.

"అయితే అబద్ధాలు రాసిందన్నమాట. అలాంటి అమ్మాయి అసలే వద్దండీ" అని పెట్టేశాడు. తిన్నదంటే ఎముక నాసిరకం, తినలేదంటే మనిషి అబద్ధాలకోరు. ఏ దారిన పోయినా దాని ఆట ముగిసిపోయింది. ఏడుపొచ్చింది నాకు.

లోపలికి వచ్చేసరికి కోటేశ్వరి నా చెయ్యి పట్టుకుంది. "అమ్మకి మాత్రం చెప్పొద్దండీ. తను పంచబట్టే నా కాలు పోయిందని తెలిస్తే బతకదు."

అంతలో వాళ్లమ్మ గురవమ్మ కోత నుంచి వచ్చింది. కొంగుతో మొహం తుడుచుకుంటూ నా ఎదురుగా నేల మీద కూర్చుంది.

"ఎందుకమ్మా మా పిల్లకిట్టా అయింది? తిండేమన్నా తక్కువైందా?"

"లేదమ్మా, తిండి లోపమేం కాదు. పుట్టుకతోనే ఎముకల్లో బలం లేదు" అన్నాను.

గురవమ్మ రెండు చేతులతో తన పొట్ట మీద బాదుకోవడం మొదలుపెట్టింది.

"అయ్యో తల్లీ! నిన్ను మోసినన్నాళ్లూ నేను గంజి తాగే బతికానే. అప్పుడే నీ కాళ్లు విరిచేశానే!"