పైన తేలిన నూనె

గుత్తివంకాయ కూర మీద తేలిన నూనెను గరిటెతో తీసి, నా అన్నంలో పోస్తూ మా అత్త కృష్ణవేణమ్మ అంది: "పారేస్తే ఎట్లా? వానికి కొవ్వు పడదన్న్యాడు డాక్టరు. నీకేంది మే, రాళ్లు తిన్నా అరుగుతాయి."

రెండేళ్లుగా ఇదే. నా భర్త పవన్‌కుమార్ కూరలోంచి తీసిందంతా నా కంచంలోకి. అది ప్రేమేననుకున్నాను. అప్పుడప్పుడు కడుపులో మెలిపెట్టేది, వేళ్లు బిగుసుకునేవి. "కూర్చోని చేసే ఉద్యోగానికి నొప్పులేంది?" అనేవాడు పవన్.

ప్రొద్దుటూరులో నేను పనిచేసే ల్యాబుకు ఈరోజు పొద్దున్నే ఆయన వచ్చి రక్తం ఇచ్చి పోయాడు. నాదీ తీసుకున్నాను. పొద్దున నాకు తినే తీరిక ఎప్పుడూ ఉండదు గనక, పరగడుపు పరీక్షకు అదీ కలిసొచ్చింది.

మిషన్లో తిప్పాక ఒక గొట్టంలో పైన లేత పసుపు తేట. ఇంకోదానిలో పాలలా తెల్లటి కొవ్వు. అయ్యో, ఈయనకింత కొవ్వా అనుకున్నాను. లేబుల్ చూస్తే నా పేరు, భావన. తారుమారు చేశానేమోనని మళ్లీ నా చేతికి సూది గుచ్చుకున్నాను. మళ్లీ పాలే. కాల్షియం బాగా తక్కువ.

జమ్మలమడుగులో చదువుకునేటప్పుడు రాసుకున్న పాఠం గుర్తొచ్చింది. కణంలో కాల్షియం ఒక పిలుపు. అలలా లేస్తుంది, పని చేయిస్తుంది, అణిగిపోతుంది. కొవ్వు మితిమీరితే ఆ పిలుపు ఆగదు. క్లోమంలోని కణం తనను తానే అరిగించుకుంటుంది. అక్కడ కరిగిన కొవ్వు రక్తంలోని కాల్షియాన్ని పట్టేస్తుంది, వేళ్లు కొంకర్లు పోతాయి. అప్పుడది మార్కుల కోసం చదివాను. భావనా నీళ్లు, భావనా చొక్కా, భావనా యాడుండావు... నాలో ఏ అల కూడా అణగేదాకా ఆ ఇంట్లో ఎవరూ ఆగలేదు.

ఫోన్ మోగింది. పవన్.

"రిపోర్టేమైంది?"

"బాగుంది. కొవ్వు తగ్గింది."

"చూసినావా, మా అమ్మ చేతి మహిమ!" నవ్వాడు.

"నాదీ చేసినా. శానా చెడ్డగా ఉంది."

"నీదెందుకు చేసినావు?"

పెట్టేశాను. మళ్లీ మోగింది. మోగనిచ్చి, కుడిచేతి వేళ్లను ఎడమచేత్తో ఒక్కొక్కటే విప్పుకుంటూ పక్క వీధి ఆస్పత్రికి నడిచాను.

చేర్చుకునే కాగితంలో 'రోగి వెంట ఉన్నవారు' అన్నచోట పెన్ను కాసేపు ఆగింది. తర్వాత నా పేరే రాశాను.