దూదమ్మ పడుకున్న చోటు

పరుపులో ఒక పల్లం.

కిటికీ వైపు, ఆమె పడుకునే చోట. చెయ్యి పెడితే మణికట్టు దాకా లోతు. దూది అక్కడ అణిగి అణిగి గట్టిపడింది. ముక్కు ఆనిస్తే పాత దూది వాసన, కాస్త ఎండ వాసన.

ఆ పల్లం ఆమెదే. ఏళ్ల తరబడి ఆమె ఒళ్ళు చేసిన పల్లం.

ఇప్పుడు అందులో పడుకుంటే... చుట్టూ చోటు మిగిలిపోతోంది.

ఒకప్పుడు ఆమె దూదమ్మ. ఆ పేరు మొగుడు పెట్టాడు. అతను పరుపులు కుట్టేవాడు. జనం పాత పరుపులు తెచ్చిస్తే విప్పి, దూది ఏకి, మళ్ళీ నింపి కుడతాడు. "ఇన్ని పరుపులు కుట్టాను గానీ, ఇంత మెత్తని దూది ఎక్కడా చూళ్ళేదే" అన్నాడు పెళ్ళైన కొత్తలో. ఆమె సిగ్గుపడింది, తిట్టింది, లోలోపల పొంగిపోయింది. పేరు నిలిచిపోయింది.

తర్వాత మోకాళ్ళు మొరాయించాయి. "ఒళ్ళు తగ్గించమ్మా, లేకపోతే మంచాన పడతావు" అని డాక్టరు ముఖం మీదే చెప్పాడు. ఆమె నోరు కట్టుకుంది. నడిచింది. మొండి మనిషి కదా... సగానికి సగం తగ్గింది.

మోకాళ్ళు మాట విన్నాయి. మిగతా ఒళ్ళే ఇంకా వినలేదు.

బీరువాకీ మంచానికీ మధ్య ఇప్పటికీ పక్కకు తిరిగే నడుస్తుంది — ఇద్దరు పట్టేంత సందు ఉన్నా. చెక్క కుర్చీలో కూర్చుంటే ఎముకలు నొక్కుకుంటాయి. అందరూ ఫ్యాను పెంచమంటే ఆమె శాలువా వెతుక్కుంటుంది. జబ్బల కింద చర్మం వేలాడుతుంది, అక్క గౌను చెల్లికి తొడిగినట్టు. మొన్న ఒక దుకాణం అద్దంలో ఎవరో సన్నటావిడ ఎదురొస్తుంటే తప్పుకుని దారిచ్చింది. తీరా చూస్తే తనే.

"ఒంట్లో బాగోలేదా?" అని వీధిలో అడుగుతారు. మెచ్చుకుని చావరు. ఒళ్ళు మండిపోతుంది.

ఆమె పిల్లల బడిలో ఆయా. మధ్యాహ్నం చంటివాళ్ళను నిద్రపుచ్చడం ఆమె పని. ఒక చిట్టిది ఒళ్ళోకి ఎక్కింది. అటు కదిలింది, ఇటు కదిలింది, దిగిపోయింది.

"ఆయమ్మా, నీ ఒళ్ళు ఏదీ?"

పిల్ల అడిగింది కూర్చునే ఒడి గురించే. ఆమెకు మాత్రం ఎక్కడో గుచ్చుకుంది.

ఎందుకంటే ఇంట్లోనూ అదే వరస. మొగుడు "దూదమ్మా" అనడం మానేశాడు. "ఇదిగో" అంటాడు. "విన్నావా" అంటాడు. పేరు పోతే పోయింది... కానీ ఎక్కడికి పోయింది?

"ఊరందరి పరుపులూ ఏకుతావు. మన పరుపు మాటేమిటి?"

"చూద్దాంలే."

మళ్ళీ అడిగితే, మళ్ళీ "చూద్దాంలే".

ఒకరోజు బడి తొందరగా విడిచారు. ఇంటికొచ్చి గది తలుపు తోసింది. అతను నిద్రపోతున్నాడు. తన వైపు కాదు — కిటికీ వైపు. ఆ పల్లంలో. మోకాళ్ళు ముడుచుకుని, చెంప ఆనించి, ఎవరి ఒళ్ళోనో పడుకున్నట్టు.

అసూయ. అవును, అసూయే. దానికి ఇంకో పేరెందుకు?

ఎవరి మీద అంటే చెప్పుకోలేదు. తనకు తనే సవతి! నవ్వొచ్చే మాటే. ఆమెకు నవ్వు రాలేదు. నిజం సవతి అయితే జుట్టు పట్టుకుని ఈడ్చేది. దీని జుట్టు ఎక్కడుందని పట్టుకుంటుంది?

"లే."

అతను ఉలిక్కిపడి లేచాడు.

"ఆవిడంటే అంత ఇష్టమా నీకు?"

"ఎవరే?"

"ఆ దూదమ్మ."

అతను నవ్వేస్తాడనుకుంది. నవ్వలేదు. పల్లం మీద దుప్పటి సర్దాడు. ఆ సర్దడం చూసి ఆమెకు ఇంకా కాలింది.

"ఆమెనే కదే నేను చేసుకున్నది" అన్నాడు.

"మరి నేనెవర్ని?"

"నువ్వు... అలవాటు పడుతున్నానే. కొంచెం ఆగు."

ఆమె ఆగలేదు. అతని కత్తెర తెచ్చి పరుపు కుట్లు తెంచేసింది. ఒక్కొక్కటే. అతను వద్దనలేదు.

దూది ఏకాడు. గదంతా తెల్లగా ఎగిరింది. పల్లం దగ్గరి దూది మాత్రం గడ్డకట్టి చేతికొచ్చింది. దాన్ని పిడికిట్లో ఉంచుకుని బొటనవేలితో ఒకసారి నిమిరాడు. ఆమె చూస్తూనే ఉంది. తర్వాత దాన్నీ ఏకేశాడు. అందులో ఏది ఎవరిదో ఇక తెలియదు.

ఆదివారం మధ్యాహ్నం కొత్తగా కుట్టిన పరుపు మీద ఇద్దరూ పడుకున్నారు. ఎత్తుగా ఉంది. సమంగా ఉంది. ఆమె అరచేత్తో నొక్కి చూసింది. చెయ్యి తియ్యగానే దూది మెల్లగా పైకి లేచింది.

గెలిచాననుకుంది.

అతను నిద్రలో ఇటు ఒత్తిగిలి చెయ్యి వేశాడు. ఆ చెయ్యి ఆమె నడుం దాటి... అవతల పరుపు మీద పడింది. దూదమ్మ ఉండే చోట. వేళ్ళు వెతికినట్టు ఒకసారి కదిలాయి.

జానెడు జరిగితే చాలు, ఆ అరచేతి కిందికి వెళ్ళిపోవచ్చు.

జరగాలా... ఎవరి చోటులోకి?

ఆమె కదలకుండా చూస్తోంది. అతని అరచేతి కింద, కొత్తగా ఏకిన దూదిలో, అప్పుడే ఒక పల్లం.