నీళ్లలో కలిపిన తోలుపొట్టు

తహెరున్నీసాకు ఎల్లుండి విమానం. జగిత్యాలలో అక్క సుర్రయ్యా చావుబతుకుల మధ్య ఉంది. కానీ యజమాని సంతకం చేసిన ఖురూజ్ కాగితం లేనిదే ఖతర్ దాటనివ్వరు. ఆ సంతకం ఈ పొద్దునే ఆగిపోయింది.

చమురు ధర నూరు డాలర్లు దాటిన రోజులవి. దోహా అంతా అద్దాల మేడలు లేస్తుంటే, ఐన్ ఖాలిద్‌లో ఆమె వంట చేసే ఇంటి యజమాని మాత్రం పాత రాతలు కొనేవాడు. ఈమధ్య యెమెన్ నుంచి వచ్చిన హీబ్రూ గ్రంథపు తోలుచుట్ట ఒకటి కొన్నాడు. అది ఏ జంతువు తోలో, సిరా దేనితో చేశారో తేల్చడానికి రాజమండ్రి నుంచి లలితకుమారి అనే శాస్త్రజ్ఞురాలు వచ్చింది. తోలు నుంచి రాలిన పొట్టును ఆమె గాజు పళ్లెంలో పోగుచేసింది. మేకదో జింకదో ఆ పొట్టే చెబుతుందట.

ఇప్పుడా పళ్లెం ఖాళీ.

"తీసిందెవరో తేలేదాకా ఎవరికీ సంతకం పెట్టనంటున్నారు. మీరేమైనా చూశారా పిన్నిగారూ?" అని అడిగింది లలితకుమారి, వంటింటి గుమ్మంలో నిలబడి.

తహెరున్నీసా తల వంచుకుని గిన్నె తోముతూనే ఉంది. చూడటమేమిటి, తీసింది తనే. జగిత్యాలలో వాళ్లింట్లో దేవుడి మాట రాసిన కాగితం చిరిగితే పారేయరు. గుడ్డసంచిలో దాచి, సంచి నిండాక నీళ్లలో వదులుతారు. దాన్ని ఠండా చేయడం అంటారు. ఈ తోలు మీద ఉన్నది మూసా ప్రవక్తకు దిగిన దేవుడి మాటేనని యజమానే చెప్పాడు. పళ్లెంలోని పొట్టును రేపో మాపో చెత్తబుట్టలో పోస్తారనుకుంది. మనసొప్పక సంచిలోకి దులిపింది. డ్రైవర్ లింబాద్రి చేపల కోసం అల్ రువైస్ రేవుకు పోతుంటే, సముద్రంలో వదలమని సంచి అతని చేతికిచ్చింది.

ఆమె పెరట్లోకి వెళ్లేసరికి లింబాద్రి కారు తుడుస్తున్నాడు.

"పడవోన్ని బతిమాలి నడి సముద్రంల ఏయించిన చాచీ. గిట్ల మెడకు సుట్టుకుంటదని తెలిస్తే చేపలకే పోకపోతుంటి."

"ఇప్పుడేం జెయ్యాలె బేటా?"

"నోరు మూసుకొని బిర్యానీ వండు. బంగారం పోయిందా ఏంది, పొట్టు! మతిల కెల్లి పోతది ఆయనకు."

"పోకపోతే? సుర్రయ్యా ఆపా నా కోసమే ఊపిరి పట్టుకొని ఉన్నది."

"చెప్తే దొంగవైతవ్. దొంగను జైలుకు తోలుతరు, జగిత్యాలకు తోలరు చాచీ."

అమ్మ పోయినప్పుడు ఆమె ఇక్కడే ఉంది. పెనిమిటి పోయినప్పుడూ ఇక్కడే ఉంది. ఇద్దరి మీదా పిడికెడు మట్టి వేయలేకపోయింది. మిగిలింది అక్క ఒక్కతే. తహెరున్నీసా చేతులు తుడుచుకుని, యజమాని కూర్చునే మజ్లిస్‌లోకి నడిచింది.

వచ్చీరాని అరబ్బీలో అంతా చెప్పేసింది, లింబాద్రి పేరు తప్ప. లలితకుమారి నుదురు పట్టుకుంది. యజమాని కళ్లు చెమర్చాయి.

"మా అమ్మ చిరిగిన పేజీలను ఇసుకలో పూడ్చేది," అన్నాడు. లలితకుమారి వైపు తిరిగి, "అంచు నుంచి మళ్లీ కొంచెం తీసుకో. పరీక్ష ఆగొద్దు," అన్నాడు.

తహెరున్నీసాకు ప్రాణం లేచొచ్చింది. ఖురూజ్ కాగితం ముందుకు చాపింది. ఆయన దాన్ని మెల్లగా పక్కకు జరిపి, జేబులోంచి తాళంచెవి తీసి ఆమె అరచేతిలో పెట్టాడు.

"ఈ ఇంట్లో ఎవరిని నమ్మాలో ఇన్నాళ్లూ తెలియలేదు. పాత రాతలు దాచిన గది ఇక నీ కాపలాలోనే. ఈ తోలు పరీక్ష ముగిసేదాకా నువ్వు కదలొద్దు. ఆ తర్వాత పోదువు, ఇన్షా అల్లా."

"బాబా, మా అక్క..."

"ఆమె కోసం దువా చేస్తాను," అని లేచి వెళ్లిపోయాడు.

"సాయంత్రం సంతకం సంగతి నేను ఆయన్ని మళ్లీ అడుగుతాను పిన్నిగారూ," అంది లలితకుమారి నేల చూస్తూ.

వంటింట్లో ఫోన్ మోగుతోంది. అక్క కూతురు రెహానా.

"ఖాలా, శంషాబాద్‌కు బండి ఎన్ని గంటలకు తేవాలె? అమ్మీ ఒక్కటే అడుగుతున్నది."

తహెరున్నీసా అరచేతిలోని తాళంచెవిని గట్టు మీద పెట్టింది.

"ఫోన్ అమ్మీ చెవికాడ పెట్టు బిడ్డా," అంది.